పేరు లేని గొంతు – 12: తడిసిన మేజోడు

కిందటి వారం మిమ్మల్ని ఒక బొచ్చు కోటు దగ్గర వదిలేశాను. తిట్టుకునే ఉంటారు. ఏం చెయ్యను, నాకిచ్చిన పేజీ అక్కడికే అయిపోయింది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్లకి రెండు ముక్కలు. నా పేరు ఇడా పినౌ. బెర్లిన్‌లో, నాయ్‌కోల్న్ పేటలో, దుప్పట్లూ బల్లగుడ్డలూ ఇస్త్రీ చేసే మర నడుపుతాను. హెర్తా మా వదిన, యుద్ధంలో పోయిన మా అన్న విల్లీ భార్య. పదేళ్లుగా ఒక థియేటరులో జనం కోట్లు తీసుకుని చీటీలిచ్చే పని చేస్తోంది. ‘మా వీధిలో లిండెన్ పూసింది’ పాట మీకందరికీ వచ్చు. 1930లో వచ్చిన మొట్టమొదటి రికార్డులో ఆ పాట పాడింది మా వదినే. కానీ ఆ రికార్డు మీద పాడినవాళ్ల చోట ఉన్నది బ్యాండు పేరు, దాని కింద ‘పల్లవి గానంతో’ అన్న ముక్క, అంతే. డాన్సు రికార్డుల్లో పల్లవి పాడేవాళ్లకి ఆ రోజుల్లో పేరుండేది కాదు. పొద్దున ఒక కంపెనీలో, మధ్యాహ్నం ఇంకో కంపెనీలో పాడి, ట్రాం ఎక్కి ఇంటికెళ్లిపోయేవాళ్లు.

ఆ పాటని నాటకంలో పాడిన లియానె రోడెన్ మాత్రం, రికార్డులో గొంతు కూడా తనదేనని ఇరవై ఏళ్లుగా చెప్పుకుంటోంది. ఇప్పుడు ఒక రికార్డు కంపెనీ ‘అసలు గొంతు మళ్లీ మీ ఇంటికి’ అంటూ ఆవిడ చేత ఆ పాట కొత్తగా పాడిస్తోందని పేపర్లో చదివి నేను అగ్గి మీద గుగ్గిలమయ్యాను. కంపెనీకి ఘాటుగా ఉత్తరం రాశాను. ఆ రికార్డు పని చూస్తున్న డాక్టర్ ష్టాల్కె, ‘రికార్డింగ్ రోజున రండి, అక్కడే తేల్చుకుందాం’ అని జవాబిచ్చాడు. వెళ్లాం. విల్మెర్స్‌డోర్ఫ్‌లో ఓ పాత డాన్సు హాలు. ముప్పై మంది వాయిద్యగాళ్లు. టైము పదకొండు. రోడెన్ లోపలికొచ్చింది, మా వదిన్ని ఎగాదిగా చూసింది, “ఓ, మీరా!” అని నవ్వి, తన బొచ్చు కోటు విప్పి ఆవిడ చేతుల్లో పెట్టింది.

అదీ సంగతి. ఇక చదవండి.

మా వదిన ఆ కోటు తీసుకుంది! నాకు ఒళ్లు మండిపోయింది. తీసుకోవడమేనా, పదేళ్ల అలవాటు ఊరుకుంటుందా, లోపలి సిల్కు బయటికి కనపడకుండా మడిచి, భుజాలు సర్ది, చీటీ కోసం జేబు తడుముకుంది. చీటీ లేదు. అప్పుడు తెలిసొచ్చింది పాపం తనేం చేస్తోందో. చెవులు ఎర్రబడ్డాయి.

“కింద పడెయ్ వదినా,” అన్నాను పళ్ల బిగువున.

“కోటేం పాపం చేసింది ఇడా?” అని గోడకున్న మేకుకి దాన్ని జాగ్రత్తగా తగిలించింది. తర్వాత తిరిగి చూసి, “చీటీ ఇవ్వలేదండీ రోడెన్ గారూ. పోతే నా బాధ్యత కాదు,” అంది. ఫిడేలు వాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. అది చాలు నాకు, ప్రాణం కాస్త కుదుటపడింది.

డాక్టర్ ష్టాల్కె మంచివాడే. కానీ కాగితం లేనిదే తన పుట్టినరోజు కూడా నమ్మని రకం. “పినౌ గారూ, మీ దగ్గర ఒప్పందం ఏమైనా ఉందా? రసీదు? ఫొటో?” అని మా వదిన్ని అడిగాడు.

“ఉండేవి. నలభై మూడులో ఇంటితో పాటు కాలిపోయాయి.”

“అదే నేనూ అనుకున్నాను,” అంది రోడెన్, ముత్యాల దండ సర్దుకుంటూ. “కాలిపోయిన కాగితాల్లో అందరం మహారాణులమే కదండీ.”

“గొంతు పోల్చి చూసుకోండి,” అన్నాను నేను.

“ఇరవై ఎనిమిదేళ్లయిందమ్మా. నా గొంతే నాకు గుర్తు లేదు,” అంది ఆవిడ. అది మాత్రం ముమ్మాటికీ నిజం, పాడని గొంతు గుర్తెలా ఉంటుంది! పైకి అనేశాను కూడా. ష్టాల్కె నా వైపు వేలు చూపించి, ఇంకొక్క మాటంటే బయట కూర్చోబెడతానన్నాడు. కుక్కిన పేనులా కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానని మాత్రం అడక్కండి.

మా వదినకి కావాల్సింది ఏంటో మీకు తెలుసు. డబ్బు కాదు, పేపర్లో బొమ్మా కాదు. వచ్చేటప్పుడు బస్సులో నా చెయ్యి పట్టుకుని చెప్పింది: “రికార్డు మీద నా పేరు ఒక్కసారి చూసుకోవాలి ఇడా. ఎంత చిన్న అక్షరాలైనా సరే.” ఆవిడ పనిచేసే చోటే, జనం కోట్లు తొడుక్కుంటూ ఆ పాటే కూనిరాగం తీసుకుంటూ పోతారు. ‘ఆ పాట పాడింది నేనే’ అని వదిన వాళ్లలో ఒక్కరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని.

ష్టాల్కె ఇద్దరినీ చూసి, గడియారం చూసి, “ముందు బ్యాండు ఒకసారి వాయించనివ్వండి,” అన్నాడు. కండక్టర్ పాట స్వరాలు అచ్చేసిన పాత కాగితాలు పంచాడు. నాటకం రోజుల నాటి అసలు నోట్సు అవి, కంపెనీ ఎక్కడో వెతికి తెప్పించింది. వాయించారు. బాగుంది. పల్లవిలో ఆఖరి వరుస వచ్చింది. ‘ఏ కిటికీ తెరిచినా ఆ వాసనే, నన్ను... ఇంటికి పిలుస్తుంది.’ ఆ ‘నన్ను’ తర్వాత ముప్పై మందీ ఠక్కున ఆగారు, ఒక్క ఊపిరి పట్టి ‘ఇంటికి’ అందుకున్నారు.

కండక్టర్ చెయ్యి దించేసి కాగితంలోకి తొంగి చూశాడు. “ఇదేంటి? ఇక్కడ ఆగమని రాసిలేదే!”

ఎవరి కాగితంలో వాళ్లు చూసుకున్నారు. నిజమే, ఎక్కడా లేదు. స్వరం తర్వాత స్వరం, నడుమ సందే లేదు.

మీరైనా ఎప్పుడైనా గమనించారా? ఈ పాట ఎంతమంది పాడారో లెక్కేసుకోండి. ముప్పై ఆరులో ఆ వియన్నా గాయకుడు సాగదీసి సాగదీసి పాడాడు, ఆగాడు. యుద్ధంలో సైనికుల బృందం రేడియోలో పాడింది, నలభై మందీ ఆగారు. నలభై తొమ్మిదిలో హాంబుర్గ్ నావికుడు అకార్డియన్ పట్టుకుని పాడాడు, వాడూ ఆగాడు. పోయినేడాది జుట్టు ఎగదువ్విన కుర్రాడొకడు కరెంటు గిటారుతో పాడితే, వాడి డ్రమ్ము కూడా అక్కడ ఆగింది! అందరూ పాట నేర్చుకున్నది నోట్సు చూసి కాదు, ఆ మొదటి రికార్డు విని. ఆ చోట గొంతు ఆగితే మన గుండె ఆగుతుంది. ఇల్లు పోయినవాళ్లకి, ఊరు సగం అటూ సగం ఇటూ అయినవాళ్లకి ఆ చోట ఏడుపు రాకుండా ఉండదు. నాకూ వస్తుంది, మా విల్లీ గుర్తొచ్చి.

“మరి ఈ ఆగడం ఎక్కణ్నించి వచ్చినట్టు?” అన్నాడు ష్టాల్కె. అంతలోనే ఆయన కళ్లు మెరిశాయి. “మొదటి రికార్డులో పాడినవాళ్లకే తెలియాలి. మేడమ్, మీరు ముందు చెప్పండి. అక్కడ ఎందుకాగారు?”

రోడెన్ తడుముకోలేదు. పది పత్రికలకి చెప్పిన కథేగా! కుర్చీలోంచి లేచి, చెయ్యి గుండె మీద వేసుకుంది. “ఆ ఉదయమే నాకొక ఉత్తరం వచ్చింది. నన్ను ప్రేమించిన ఒక మనిషి నన్ను వదిలి వెళ్లిపోయాడని. మైకు ముందు నిలబడ్డాను. ‘నన్ను’ అన్నాను... అంతే. గొంతు పూడుకుపోయింది. కన్నీళ్లు మింగి ‘ఇంటికి’ అన్నాను. కళ అంటే అది. ఎవరూ నేర్పలేరు.”

చెప్పడం మాత్రం బ్రహ్మాండంగా చెప్పింది, నిష్ఠూరమెందుకు. సెల్లో వాయించే ఆవిడ కళ్లు తుడుచుకుంది. దీని ముందు మా వదిన ఏం చెబుతుంది?

“మీరు పినౌ గారూ?”

మా వదిన నిలబడింది. ఏప్రను అలవాటుతో గౌను ముందు భాగం అరచేత్తో సవరించుకుంది. “నీళ్లలో కాలేశానండీ,” అంది.

“ఏంటీ?”

“నీళ్లలో. ట్రాంబోన్ నీళ్లు.”

వెనక వరసలో బాకాలవాళ్లు గొల్లుమన్నారు. మిగతావాళ్లకి అర్థం కాలేదు, రోడెన్‌కి అసలే కాలేదు.

“నవ్వండి, నవ్వండి. మీ నిర్వాకమేగా,” అంది మా వదిన వాళ్లతో. ఆ నవ్వు విన్నాక ఆవిడకి ధైర్యం వచ్చేసింది. “అప్పుడు ఇప్పట్లా టేపు లేదు డాక్టరుగారూ. పాటని మైనపు పళ్లెం మీద నేరుగా గీసేవాళ్లు. ఒక్క చప్పుడైతే ఆ పళ్లెం దండగ. పల్లవి పాడేవాళ్లు గోడ పక్కన నిలబడాలి. బ్యాండు ఒక విడత పూర్తిగా వాయించాక, వాళ్ల మధ్యలోంచి నడుచుకుంటూ మైకు దగ్గరికి రావాలి. చెప్పులు టకటకలాడతాయని విప్పించేవాళ్లు. మేజోళ్లతోనే నడవాలి. ఆ రోజు రెండు పళ్లేలు పాడైపోయాయి. మూడోదే ఆఖరిది. ట్రాంబోన్ ఊదేవాళ్లు ఊదీ ఊదీ గొట్టంలో చేరిన నీళ్లు నేల మీదకి వదిలేస్తారు కదా. వస్తున్నప్పుడు తప్పించుకున్నాను. పాడుతూ కాస్త వెనక్కి జరిగాను, ‘నన్ను’ అన్నాను, ఎడమ కాలు ఆ మడుగులో పడింది. డిసెంబరు. మంచు నీళ్లలా ఉన్నాయి. ఊపిరి ఆగిపోయింది! అరిస్తే మైనం పోతుంది. నాలుక కరుచుకుని, తేరుకుని, ‘ఇంటికి’ అన్నాను. బ్యాండు మాస్టరు మంచోడు, నాకోసం కర్ర ఆపాడు. అంతేనండీ. ప్రేమా లేదు, ఉత్తరమూ లేదు.”

ఓరి నాయనో! ఇరవై ఏళ్లుగా నాకు వదిన, ఈ ముక్క నాకెప్పుడూ చెప్పలేదు. సగం దేశం ఆ చోట కన్నీళ్లు తుడుచుకుంటుంటే, అక్కడ తుడవాల్సింది మా వదిన అరికాలన్నమాట!

“ఎంత అసహ్యం!” అంది రోడెన్. “ఒక మహత్తరమైన పాటని పట్టుకుని ఉమ్మి నీళ్లంటుందేంటండీ ఈవిడ? డాక్టర్, ఇదా మీ సాక్ష్యం? ఏ బాకా వాడి పక్కన కూర్చున్నా ఇలాంటి కథ అల్లొచ్చు.”

ష్టాల్కె నుదురు రుద్దుకున్నాడు. “కథ బాగుంది పినౌ గారూ. కానీ రుజువు...”

“నేనొక ప్రశ్న అడగొచ్చా?”

వెనక వరసలోంచి ఒక గొంతు. బట్టతల, పెద్ద మీసాలు, మోకాళ్ల మధ్య ట్రాంబోన్. పేరు ఎమిల్ గ్రాబో అని తర్వాత తెలిసింది. లేచి నిలబడ్డానికే కాస్త టైము పట్టింది. కళ్లజోడు తీసి, మా వదిన్ని తేరిపార చూసి, మళ్లీ పెట్టుకున్నాడు.

“ఆ పాట అయ్యాక, రికార్డింగ్ ఎర్రదీపం ఆరిపోయాక, ఆ అమ్మాయి ఒక పని చేసింది. ఆ పని నాకూ ఆ అమ్మాయికీ తప్ప ఎవరికీ తెలీదు. ముందు రోడెన్ గారు చెప్పాలి. మేడమ్, ఏం చేశారు?”

రోడెన్ గడ్డం పైకెత్తింది. “ఏడ్చాను. ఇంకేం చేస్తాను!”

“ఊఁ. మీరు చెప్పండమ్మా.”

మా వదిన ఆయన్ని చూస్తోంది. చూస్తూ చూస్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “అయ్యో... మీరా? మీకప్పుడు జుట్టుండేది!”

“దాని సంగతి వదిలెయ్యండి. ఏం చేశారు?”

“కుర్చీ మీద మీ మఫ్లరుంటే లాక్కుని కాలు తుడుచుకున్నాను. తుడుచుకుని మీ మీదే విసిరేశాను. తెల్లటి పట్టు మఫ్లరు. ఒక మూల నీలి దారంతో అక్షరాలు కుట్టి ఉన్నాయి.”

ఎమిల్ గ్రాబో హాలందరి వైపూ తిరిగాడు. “కుట్టింది మా అత్తగారు. పెళ్లికిచ్చింది. ఆ సాయంత్రం దాన్ని చూసి ఆవిడ నాకు వేసిన అక్షింతలు ఈనాటికీ చెవుల్లో మోగుతున్నాయి! డాక్టరుగారూ, ఆ నీళ్లు నావి. ఈ అమ్మాయి పేరు నాకప్పుడు తెలీదు. పల్లవి పాడేవాళ్లు వస్తారు, పోతారు. వెనక వరసలో కూర్చునేవాడికి పాడేవాళ్ల వీపులే కనిపిస్తాయి. తర్వాత పేపర్లో రోడెన్ గారన్నారు, కాబోలు అనుకున్నాను. కానీ నన్ను అంత కోపంగా చూసిన ముఖం నా జన్మలో ఇదొక్కటే. ఆ మనిషి ఈవిడే.”

నేను కుర్చీలో ఉన్నానో గాల్లో ఉన్నానో తెలీదు. “అదీ!” అని అరిచాను. ష్టాల్కె నన్ను బయటికి పొమ్మనలేదు. ఆయనా నవ్వుతున్నాడు. రోడెన్ ముఖంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు.

“పినౌ గారూ, పాడతారా?” అన్నాడు ష్టాల్కె.

“ఇప్పుడా?”

“ఇప్పుడే.”

మా వదిన వంగి చెప్పులు విప్పేసింది. “అక్కర్లేదమ్మా, ఇప్పుడు తివాచీ ఉంది,” అన్నాడు కండక్టర్. “చెప్పులతో నాకు రాదు,” అంది ఆవిడ. ఎమిల్ గ్రాబో తన ట్రాంబోన్ కింద ఓ తువ్వాలు పరిచాడు. బాకాలవాళ్లు మళ్లీ నవ్వారు, ఈసారి మా వదిన కూడా.

ఎర్రదీపం వెలిగింది. బ్యాండు ఒక విడత వాయించింది. మా వదిన గోడ దగ్గర్నించి బయల్దేరి, ఫిడేళ్ల మధ్యలోంచి, మేజోళ్లతో, చప్పుడు లేకుండా నడిచి మైకు ముందుకొచ్చింది. నలభై తొమ్మిదేళ్ల మనిషి. రోజంతా నిలబడి నిలబడి వాచిన కాళ్లు. నోరు తెరిచింది.

‘మా వీధిలో లిండెన్ పూసింది, నేను లేనని దానికి తెలియదు...’

గొంతు మునుపటంత నున్నగా లేదు. కాస్త బరువెక్కింది, అంచుల్లో గరుకొచ్చింది. కానీ ఆ గొంతే! ఆ రికార్డు అరిగిపోయేదాకా విన్న ఎవడైనా కళ్లు మూసుకుని చెబుతాడు. ష్టాల్కె రికార్డు చేసే అద్దాల గదిలో నిలబడి చెవులకున్న హెడ్‌ఫోన్లు రెండు చేతులతో అదుముకున్నాడు. ‘ఏ కిటికీ తెరిచినా ఆ వాసనే, నన్ను’... బ్యాండు ఆగింది. కాగితంలో లేకపోయినా ఆగింది, అలవాటు మరి.

మా వదిన ఆగలేదు.

‘ఇంటికి పిలుస్తుంది’ అంటూ సాగిపోయింది. ముప్పై వాయిద్యాలూ ఊపిరి బిగబట్టిన ఆ సందులో ఆవిడ గొంతొక్కటే, నిటారుగా, తొణక్కుండా, రాసినవాడు ఎలా రాశాడో అలా. వాళ్లు గబగబా వెనకే వచ్చి కలుసుకున్నారు. చివరి స్వరం ఆరిపోయింది. ఎర్రదీపం ఆరింది. అప్పుడు ఫిడేలువాళ్లు కమాన్లతో స్టాండుల మీద కొట్టడం మొదలుపెట్టారు, బాకాలవాళ్లు కాళ్లతో నేల మీద. హాలు దద్దరిల్లిపోయింది. నేను ఏడ్చాను. సిగ్గేంటి, వెక్కి వెక్కి ఏడ్చాను. మా అన్న ఉండి చూడాల్సింది.

“ఎందుకాగలేదమ్మా?” అన్నాడు ఎమిల్ గ్రాబో.

“ఈసారి నేల పొడిగా ఉంది,” అంది మా వదిన.

ష్టాల్కె అద్దాల గదిలోంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఒక కాగితం బల్ల మీద పరిచి కలం ఇచ్చాడు. రికార్డు మీద ఏమేం అచ్చెయ్యాలో రాసే కాగితం అది. అన్నిటికన్నా పైన, తన చేత్తోనే, పెద్ద అక్షరాలతో రాశాడు: ‘గానం: హెర్తా పినౌ’. మా వదిన దాన్ని వేలితో తడిమింది. సిరా ఇంకా ఆరలేదు, వేలికంటుకుంది. “చూడు ఇడా,” అంది.

“కింద సంతకం పెట్టండి, అయిపోతుంది,” అన్నాడు ష్టాల్కె.

ఆవిడ కలం పట్టుకుని, సంతకం పెట్టబోతూ ఆగింది. తన పేరు కింద ఇంకో వరుస ముందే టైపు చేసి ఉంది. ‘రచన, సంగీతం: ఓయ్‌గెన్ రోడెన్’. అంటే లియానె రోడెన్ మొగుడు, చచ్చిపోయి ఆరేళ్లయింది. ఆ నాటకం కంపెనీ ఆయనదే.

“ఇది తప్పు,” అంది మా వదిన.

“పినౌ గారూ, మొదటి రికార్డు నుంచీ అదే పేరుంది.”

“మొదటి రికార్డు నుంచీ తప్పే. నాటకం కంపెనీలో ఎవరేం రాసినా యజమాని తన పేరు వేసుకునేవాడు. ఈ పాట రాసింది రిహార్సళ్లలో పియానో వాయించే కుర్రాడు. సీగ్‌బెర్ట్ లెవిన్. నాటకం క్యాంటీనులో, నా ముందు కూర్చుని రాశాడు. యూదుడు, ముప్పై మూడులో ఊరొదిలి పారిపోయాడు. ఎక్కడ పోయాడో, ఏమయ్యాడో.” టైపు చేసిన ఆ వరుసని వేలితో కొట్టింది. “ఆ పేరు వేస్తేనే నా పేరు వెయ్యండి. లేకపోతే రెండూ వద్దు. మళ్లీ ‘పల్లవి గానంతో’ అని వేసుకోండి.” కలం బల్ల మీద పెట్టేసింది.

“వదినా, పిచ్చా నీకు?” అన్నాను. ఇరవై ఎనిమిదేళ్లు ఎదురుచూసిన పేరు, సిరా ఆరకముందే వదిలేస్తుందా! సీగ్‌బెర్ట్ ఎవరు? మా ఇంట్లో ఆ పేరు ఆవిడ ఒక్కసారి కూడా ఎత్తలేదు. కానీ ఇప్పుడు ఆవిడ ముఖం చూస్తే నాకు ఇంకేం అడగాలనిపించలేదు.

“ఆయన లేడు కదమ్మా. ఎవరు రుజువు చేస్తారు?” అన్నాడు ష్టాల్కె నెమ్మదిగా.

“ఉన్నాడు.”

రోడెన్. అందరం ఆవిడ్ని మర్చేపోయాం. మేకు దగ్గర నిలబడి కోటు తీసుకుంటోంది. ఒక చెయ్యి లోపల, ఒక చెయ్యి బయట. ముసలిదైపోయినట్టు కనిపించింది.

“సముద్రం అవతల, మాంటెవిడియోలో ఉన్నాడు. పిల్లలకి పియానో నేర్పుతాడు. యుద్ధం అయినప్పటినుంచీ ప్రతి క్రిస్మసుకీ ఉత్తరం రాస్తాడు,” అంది. “పాట గురించి ఒక్క మాట అడగడు. ప్రతిసారీ ఒకటే ప్రశ్న. హెర్తా బతికే ఉందా, అని.”

“మీరేం రాశారు?” అన్నాను నేను.

రోడెన్ నా వైపు చూడలేదు. “బాంబుల్లో పోయిందని రాశాను. పన్నెండు సార్లు.”

మా వదిన బల్ల మీది కాగితాన్ని తిరగేసింది. తన పేరు కిందికి పోయి, తెల్ల వైపు పైకొచ్చింది. కలం అందుకుంది.

“చిరునామా చెప్పండి రోడెన్ గారూ,” అంది.